గుండయ్య అడిగిన ఈత పరీక్ష

మా రేవులో రూలు అనే మాట ఎక్కువసార్లు పలికినవాడు గుండయ్య. దాన్ని ఎక్కువసార్లు తొక్కినవాడూ అతనే. ముగ్గురు పడవవాళ్లలో పెద్దవాడు కనుక చెరువంతా తన మామగారు రాసిచ్చినట్టు మాట్లాడేవాడు. నిజానికి మామగారు ఇచ్చింది ఒక పాత పడవ మాత్రమే. నా పేరు ఆండాలు. ఆ గట్టు మీదే చాయ్, మిర్చి బజ్జీలు అమ్మేదాన్ని. నా బజ్జీల కంటే నా నోరే కారమని రెండో పడవ అజ్మత్ అలీ అనేవాడు. అన్నా సరే, చాయ్ తాగడానికి రోజూ నా దగ్గరికే వచ్చేవాడు.

మా చెరువు పట్నం శివార్లలో, బార్కస్ దాటాక వస్తుంది. అవతలి ఒడ్డున పచ్చగడ్డి ఏపుగా పెరిగేది. గౌలిపురలో బర్రెలున్న ఇళ్ల ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి, పడవలో అవతలికి పోయి, గడ్డి కోసుకొని మోపులతో తిరిగొచ్చేవాళ్లు. గట్టు చుట్టూ నడిచి పోతే పూట గడిచిపోయేది, ఇంటి దగ్గర బర్రెలు అరుస్తూ ఉండేవి. రేవులో సర్కారు దఫ్తరు వాళ్లు ఒక రేకు బోర్డు కొట్టించారు. మనిషికి ఇంత, మోపుకు ఇంత అని దాని మీద తెల్లరంగుతో రాసి ఉండేది. గుండయ్య ఆ బోర్డును తన ఇష్టం వచ్చినట్టు చదువుకునేవాడు. గడ్డి తడిగా ఉంటే ఒక మోపును రెండు మోపులుగా లెక్కగట్టేవాడు.

"తడిగడ్డి బరువు నా పడవకు తెలుస్తది గని నీకేం తెలుస్తదమ్మా? గది రూలు," అనేవాడు.

మూడో పడవ ఆగయ్యది. అతని దగ్గర మోపంటే మోపే. తడిసినా, ఎండినా ఒకటే కిరాయి. అందుకని గౌలిపుర ఆడవాళ్లు అతని పడవ తిరిగొచ్చేదాకా గట్టు మీదే కాచుకునేవాళ్లు. గుండయ్యకు అది కంట్లో నలుసు.

ఎమర్జెన్సీకి రెండేళ్ల ముందు, వానాకాలంలో ఆగయ్య జ్వరం వచ్చి పోయాడు. భార్య కాశమ్మ, ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలారు. పడవ లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. మనిషి పోతే అదీ పోతుంది. లైసెన్సు లేని పడవ పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. కాశమ్మ ఆ లైసెన్సును తన పేరు మీద తెచ్చుకోవాలి, లేదా పడవ అమ్ముకొని పిల్లల్ని వెంటబెట్టుకొని రాళ్లు కొట్టడానికి పోవాలి. దినాలు అయిన మర్నాడే వచ్చి నా బల్ల మీద కూర్చుంది.

"అక్కా, పడవ నేనే నడుపుత," అన్నది.

"నడుపు. ఎవడొద్దంటడు?"

"గుండన్న."

ఆగయ్య పాడె లేచిన నాడు గుండయ్య అందరికంటే ముందు భుజం పట్టాడు, అది అబద్ధం కాదు. కానీ మర్నాటి నుంచే, అజ్మత్ అలీ పడవ ఒక్కటీ చాలక, గౌలిపుర ఆడవాళ్లకు గుండయ్య పడవ ఎక్కక తప్పలేదు. ఆ వానల్లో ఎండిన మోపు అన్నదే లేదు.

లైసెన్సులు ఏటా దసరా ముందు మళ్లీ చేయించుకోవాలి. అంతకుముందు వచ్చిన ఇన్స్పెక్టర్లు నా బజ్జీలు తిని, పడవలను దూరం నుంచే చూసి, ఠప్పుమని ముద్రలు కొట్టి పోయేవాళ్లు. ఆ ఏడు కొత్తాయన వచ్చాడు. పేరు ప్రహ్లాద్. సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. బజ్జీలు తిని డబ్బులు ఇవ్వబోతే నేనే కంగారుపడ్డాను. కాశమ్మ తన దరఖాస్తు ఇచ్చి పక్కన నిలబడింది. గుండయ్య కండువా దులుపుకొని ముందుకొచ్చాడు.

"సార్, మీరు కొత్తగ ఒచ్చిండ్రు. ఒక్క మాట జెప్త. పడవ నడిపేటోళ్లకు ఈత రావాలెనని రూలున్నదా లేదా? ఆడమనిషికి ఊకెనే ఎట్లిస్తరు లైసెన్సు? పరీక్ష పెట్టుండ్రి. పదిమంది ముంగట ఈదమనుండ్రి, తెలుస్తది."

భర్త పోయి నెల కూడా నిండని ఆడది మగవాళ్ల ముందు నీళ్లలో దిగదని అతని ధీమా. నాకు ఒళ్లు మండిపోయింది. నూనె కారుతున్న గరిటె అలాగే పట్టుకొని లేచాను. కాశమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"పెట్టుండ్రి సార్. ఈదుత," అన్నది.

ప్రహ్లాద్ సంచిలో నుంచి రూళ్ల పుస్తకం తీసి చదివాడు. లోతు తెలియడానికి నీళ్లలో పాతిన గడె దాకా ఈదాలి, దాన్ని చేత్తో ముట్టాలి, తిరిగి ఒడ్డుకు రావాలి. తర్వాత పడవ నడిపి చూపించాలి.

"ఇందులో ఆడ, మగ అని ఏమీ లేదు. కొత్తగా అడిగేవాళ్లకైనా, పాత లైసెన్సు మళ్లీ చేయించుకునేవాళ్లకైనా ఇదే పరీక్ష. ఆదివారం పొద్దున ముగ్గురూ రండి," అన్నాడు.

"ముగ్గురా?" అన్నాడు గుండయ్య.

"పరీక్ష పెట్టమన్నది మీరే కదా."

అజ్మత్ అలీ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "వా గుండయ్య భాయ్, మస్తు రూలు యాది జేసినవ్!"

గుండయ్య నవ్వలేదు. చాయ్ తెప్పించుకొని, తాగడం మరిచిపోయి, మీగడ కట్టేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అందరూ పోయాక గొంతు తగ్గించి అడిగాడు.

"ఆండాలమ్మా, గీ కొత్త సారు గట్ల చాయ్ పానీకి ఏమన్న తీసుకుంటడా?"

"పైసలిచ్చి తాగుతడు. జూడలేదా?"

అప్పుడు అసలు సంగతి కక్కాడు. "నాకు ఈత రాదు."

"ఇన్నేండ్ల సంది నీళ్ల మీద బతుక్కుంట ఈత రాదా?"

"నీళ్ల మీదనే గదా బతికిన, నీళ్లల్ల గాదు. మా అయ్య రాళ్లు కొట్టెటోడు. పెండ్లయినంక మామ పడవ ఇచ్చిండు. పడవనే ఈదుతున్నంక నాకెందుకని నేర్చుకోలే."

నేను పడీపడీ నవ్వాను. నవ్వుతుండగానే, గడ్డి మోపుల మీద కాళ్లు వేలాడేసుకొని అతని పడవలో వచ్చే పిల్లలు గుర్తొచ్చారు. నిజంగా భయమేసింది. ఇన్నేళ్లూ మేమంతా ఈ మనిషిని నమ్మి ఎక్కాం. ముద్రలు కొట్టి పోయిన ఆ పాత ఇన్స్పెక్టర్ల మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

ఆదివారం గట్టు నిండింది. గౌలిపుర ఆడవాళ్లు కొడవళ్లు పక్కన పెట్టి కూర్చున్నారు. అజ్మత్ అలీ లుంగీ బిగించి దిగి, గడె ముట్టి, ఏదో పని మీద పోయొచ్చినట్టు తిరిగొచ్చాడు. తర్వాత కాశమ్మ చీర కాసె పోసి కట్టుకొని నీళ్లలో దిగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ప్రహ్లాద్ తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కాశమ్మ పుట్టింటివాళ్లు చేపలు పట్టేవాళ్లని మాలో చాలామందికి తెలియదు. నీళ్లు చెదరకుండా పోయింది, గడె ముట్టింది, తిరిగొచ్చింది. ఆ తడిచీరతోనే పడవ ఎక్కి చెరువు మధ్యకు పోయి, తిప్పి తెచ్చి, సరిగ్గా రేవురాయికి ఆనించి నిలిపింది. ఆడవాళ్లంతా ఒక్కసారి అరిచారు. నేను ఏడ్చేశాను, ఆ సంగతి చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

గుండయ్య మోకాళ్ల దాకా దిగాడు. నడుము దాకా దిగాడు. అక్కడ ఆగిపోయాడు.

"సార్, ఇయ్యాల నడుము పట్టింది," అన్నాడు.

గట్టంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే అతను ఇటు తిరిగాడు. "నడుము గాదు. నాకు ఈత రాదు సార్," అన్నాడు.

ప్రహ్లాద్ మెల్లగా చెప్పాడు. "అయితే మీకు లైసెన్సు ఇవ్వలేను."

ఆ మాట వినగానే మనుషుల మనసులు మారిపోయాయి. అజ్మత్ అలీ చేతులు జోడించాడు. "సాబ్, బుడ్డా ఆద్మీ. గింతమందిని దాటించిండు, ఎన్నడు పడవ ముంచలే. గీ ఒక్కసారి మాఫ్ జేయుండ్రి." తడిమోపు కిరాయి కట్టీ కట్టీ విసిగిపోయిన ఆడవాళ్లు కూడా "ఇయ్యుండ్రి సార్, ముసలాయన యాడికి పోతడు" అన్నారు. అతని ముక్కు తెగితే బజ్జీలు పంచిపెడదామనుకున్న నాకే జాలేసింది. ప్రహ్లాద్ ఏం చేయాలో తోచక కాశమ్మ వైపు చూశాడు. జుట్టు నుంచి నీళ్లు కారుతుండగా ఆమె మాట్లాడింది.

"ఇయ్యొద్దు సార్. ఆయనకు ఊకెనే ఇచ్చేదుంటే నన్నెందుకు గింతమంది ముంగట నీళ్లల్ల దింపిండ్రు? రూలు నా ఒక్కదానికేనా?"

గుండయ్య తల వంచుకున్నాడు.

"కని టైమియ్యుండ్రి," అన్నది మళ్లీ. "ఈత నేను నేర్పిస్త. గప్పటిదాంక నా పడవల పని జేస్తడు, కూలి నేనిస్త. గుండన్నా, ఒప్పుకుంటవా?"

గుండయ్య తలెత్తకుండానే ఊపాడు. లైసెన్సు ఉన్న మనిషి పడవలో ఉంటే పనిమనిషిని పెట్టుకోవచ్చని రూళ్లలోనే ఉందట. కాశమ్మ, అజ్మత్ అలీల కాగితాల మీద ముద్రలు కొట్టి, దీపావళి అయ్యాక వస్తానని చెప్పి ప్రహ్లాద్ వెళ్లాడు.

మర్నాడు మొదటి ట్రిప్పులోనే లొల్లి అయింది. నీళ్లు కారుతున్న గడ్డిమోపు చూడగానే పాత అలవాటు కొద్దీ గుండయ్య నోట "రెండు మోపులు" అని వచ్చేసింది.

"మోపంటే మోపే అన్నా. బోర్డు సూడు," అన్నది కాశమ్మ.

"బరువున్నదే!"

"ఉంటే ఇంకో ట్రిప్పు కొడదాం. ఆళ్ల దగ్గర ఎక్కువెందుకు గుంజాలె?"

అతను పళ్లు నూరుకుంటూ తెడ్డు వేశాడు. పదిరోజులు గడిచేసరికి, ఎవరైనా అడగకముందే "ఒకటే మోపు, ఎక్కు ఎక్కు" అనడం నేను నా చెవులతో విన్నాను. విని పొయ్యి మీద నూనె మాడబెట్టుకున్నాను.

ఈత పని రోజూ తెల్లవారగానే సాగేది. కాశమ్మ రెండు ఎండు సొరకాయ బుర్రలు అతని వీపుకు కట్టి నీళ్లలోకి తోసేది. గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. అజ్మత్ అలీ అతనికి సొరకాయ భాయ్ అని పేరు పెట్టాడు. గుండయ్య నీళ్లు తాగి, దగ్గి, తిట్టేవాడు.

"నన్ను సంపుతవా ఏందే?"

"సంపేదుంటే గీ తిప్పలెందుకు, సొరకాయలిప్పి ఇంటికి పోదును. కాళ్లు కొట్టు!"

ఒకరోజు ఒడ్డున వణుకుతూ కూర్చొని, నేను వింటున్నానని కూడా చూడకుండా అడిగాడు. "నా మీద నీకు కోపం లేదా కాశమ్మా?"

"మస్తున్నది. ఉంటే మాత్రం, మునగనియ్యాల్నా?"

గుండయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు.

దీపావళి అయ్యాక ప్రహ్లాద్ వచ్చాడు. సొరకాయలు తీసేశారు. ఏదైనా జరిగితే అందుకోవడానికి కాశమ్మ పడవ తీసుకొని గడె పక్కన నిలబడింది. గుండయ్య చెరువుకు దండం పెట్టి దిగాడు. చేతులు చాపి చాపి కొట్టాడు, సగం దూరంలో మునిగి లేచాడు, గడె దాకా పోయి మళ్లాడు. గట్టంతా ఒకటే కేకలు. ఒడ్డుకు చేరేసరికి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను తువ్వాలు అందించాను.

"బాగా చేశారు. పూర్తయింది," అని ప్రహ్లాద్ ముద్ర బయటికి తీశాడు.

గుండయ్య తువ్వాలు తీసుకోలేదు. వెనక్కి తిరిగి దూరంగా పడవలో ఉన్న కాశమ్మను చూశాడు. ఆమె ఇంకా గడె దగ్గరే ఉంది, ఇటు రావడం లేదు.

"ఆగుండ్రి సార్," అన్నాడు. "నేను గడె ముట్టలే."

"ముట్టారు కదా, మేమంతా చూశాం."

"మీకు ఈడికెల్లి గట్ల కనవడ్డది. జానెడు తక్కువ పడ్డది. దమ్ము సరిపోక మళ్లిన."

ప్రహ్లాద్ నవ్వాడు. "జానెడే కదా పెద్దాయనా."

"నా లెక్కల జానెడు ఎప్పుడు నా దిక్కే ఉండె సార్. ఇయ్యాల ఒద్దు," అన్నాడు గుండయ్య. "మళ్ల పోత."

వద్దని నేనే అరిచాను, ఆ రొప్పు చూసి. అతను వినలేదు, దిగాడు. ఈసారి ఎవరూ కేకలు వేయలేదు. మెల్లగా, ఆగి ఆగి, కాళ్లు మాత్రం ఆపకుండా పోయాడు. పడవలో కాశమ్మ తెడ్డు పక్కన పెట్టి వంగి చూస్తోంది. అతను గడెను చేత్తో ముట్టడం కాదు, రెండు చేతులతో కావలించుకున్నాడు.

"ముట్టిన! అందరు సూడుండ్రి, ముట్టిన!"

"సూసినం గుండన్నా," అన్నది కాశమ్మ. "గని రూలింక అయిపోలే. ఒడ్డుకు రావాలె."

గుండయ్య గడె వదిలి ఒడ్డుకు తిరిగాడు.