రెండో బ్రేకు

మా ఆయనకు కోపం వస్తుందని బయట ఎవరితో చెప్పినా నమ్మరు. ఆయనంత ఓర్పు గల మనిషి లేడని పేరు. ఆ కోపమంతా పోగుచేసి ఇంటికి తెచ్చుకుంటారని నాకూ పిల్లలకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?

మాది డ్రైవింగ్ స్కూలు. ఒక కారు, ఒక గది, ఆ గదిలో ఒక బల్ల, బల్ల వెనక నేను. ఫోన్లు ఎత్తేది, ఎవరు ఎన్నింటికి రావాలో చెప్పేది, ఫీజు తీసుకుని రసీదు రాసిచ్చేది నేనే. కారు నేర్పేది ఆయన. అందరూ మాస్టారూ అంటారు. నేను ఏమండీ అంటాను, ఒళ్ళు మండితే అదీ అనను.

నేర్పే కారు మామూలు కారులా ఉండదు. మాస్టారు కూర్చునే పక్క సీటు దగ్గర కూడా కాళ్ళకు అందేలా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి మీదికి తెచ్చుకునేలా ఉంటే ఆయన దాన్ని తొక్కుతారు. ఆయన అక్కడ తొక్కితే ఇక్కడ వాళ్ళ కాలి కింద బ్రేకు కూడా దానంతటదే దిగిపోతుంది. చాలామందికి రెండో వారానికే ఆ అవసరం ఉండదు. ఆయన కాలు ఎత్తి పక్కన పెట్టుకుని హాయిగా కూర్చుంటారు.

మాకిద్దరూ మగపిల్లలే. పెద్దాడు కాలేజీలో చదువుతున్నాడు. నోట్లో మాట నోట్లోనే ఉంటుంది వాడికి. చిన్నాడు ఇంకా స్కూలు దాటలేదు గానీ మీసం వచ్చేసిందని అద్దాన్ని వదలడు. ఎవరు ఏమన్నా, ఎవరికి జలుబు చేసినా ఇల్లంతా వినిపించేలా వార్తలు చదివేస్తాడు కాబట్టి వాణ్ణి రేడియో అంటాం.

పిల్లల విషయంలో మా ఆయనకు మొదట్నుంచీ ఒక్కటే కోరిక. "వీళ్ళకి నేను మేడలూ స్థలాలూ ఇవ్వలేను. నాకొచ్చిన విద్య ఇదొక్కటే. ఇది మాత్రం నా చేతుల మీదుగానే నేర్చుకోవాలి," అనేవారు. పెద్దాడు పాలపళ్ళ వయసులో ఉన్నప్పుడు ఆగి ఉన్న కారులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించేవారు. వాడు బుర్రుమని నోటితో ఇంజను నడిపేవాడు, ఈయన వాడికంటే గట్టిగా హారన్ కొట్టేవారు. వాడికి పద్దెనిమిది ఎప్పుడు నిండుతుందా అని వాడికంటే ఈయనే ఎక్కువ ఎదురుచూశారు.

నిండింది. లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. సాయంత్రం ఆఖరి క్లాసు అయ్యాక కారు పెద్దాడిదన్నారు. మొదటి రోజు ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు.

"ఫొటో గానీ దిగుతున్నారా ఏంటి?" అన్నాను.

"నీకెందుకే!" అన్నారు గానీ, నవ్వు ఆపుకోలేకపోయారు.

తిరిగొచ్చేసరికి ఇద్దరి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి. వెనక సీట్లో వెళ్ళిన రేడియో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "అమ్మా, అన్నయ్య సందు దాటకముందే నాన్న ఎన్నిసార్లు బ్రేకు తొక్కాడో తెలుసా? నా తల ముందు సీటుకి కొట్టుకుని కొట్టుకుని బొప్పి కట్టింది, చూడు!"

"సైకిలు మీదికి పోతుంటే తొక్కనా మరి?" అన్నారు ఈయన.

"సైకిలు రోడ్డుకి అవతలి పక్కనుంది," అన్నాడు పెద్దాడు. అని గదిలోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి రోజులన్నీ అంతే. పిల్లాడు అద్దం చూస్తే "ముందు రోడ్డు చూడరా" అనేవారు. రోడ్డు చూస్తే "అద్దం ఎవడు చూస్తాడు, మీ తాతా?" అనేవారు. కారు ఆగిందా, నెత్తిన ఒక్కటి మొట్టేవారు. ఒకరోజు వంటింట్లో నాకు గిన్నెలు అందిస్తూ పెద్దాడు మెల్లగా అన్నాడు, "నా కాలు పడకముందే బ్రేకు కిందికి పోతుందమ్మా. బండి నేను నడుపుతున్నానో నాన్న నడుపుతున్నాడో నాకే తెలియట్లేదు."

"నీకేమన్నా అవుతుందని భయంరా ఆయనకి," అన్నాను.

నిజంగా భయమే. ఊళ్ళోవాళ్ళ పిల్లలతో అంత గుండె నిబ్బరంగా కూర్చునే మనిషికి, కన్నకొడుకు స్టీరింగు పట్టుకునేసరికి రోడ్డు మీద ప్రతిదీ లారీలాగే కనిపించేది. రాత్రి పడుకున్నాక కూడా దుప్పటి కింద ఆయన కాలు కదలడం నేను చూశాను. ఆ భయం భయంగా బయటికొచ్చినా బాగుండేది. తిట్లుగా వచ్చేది.

మా స్కూల్లో అప్పుడు ఒక టీచరమ్మ నేర్చుకుంటుండేది. రిటైరయ్యాక కారు నేర్చుకోవాలని సరదా పుట్టింది ఆవిడకి. భయం మాత్రం సరదాకి రెండింతలు. ఒక సాయంత్రం పెద్దాడికి లైబ్రరీలో పనుంటే, దారేగా అని మా ఆయన ఆవిడ క్లాసులోనే వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళారు. మలుపు దగ్గర ఆవిడ కారుని ఏకంగా ఫుట్‌పాత్ మీదికి ఎక్కించేసింది.

ఆ రాత్రి పెద్దాడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. వాళ్ళ నాన్న స్నానానికి వెళ్ళారు.

"ఆవిడ ఫుట్‌పాత్ ఎక్కించిందమ్మా. నాన్న నవ్వాడు. 'ఫర్వాలేదమ్మా, తొందరేం లేదు, రోడ్డు ఎక్కడికీ పారిపోదు' అన్నాడు. ఎంత బాగా చెప్పాడో. నాకే ఎక్కి నడపాలనిపించింది."

"ఆవిడ పెద్దావిడ రా."

"నేను కూడా ఫీజు కడితే నాతోనూ అలా మాట్లాడతాడా?"

నేను పకపకా నవ్వాను. వాడు నవ్వలేదు.

వాడు ఊరికే అనలేదని పది రోజుల తర్వాత తెలిసింది. సెలవు రోజుల్లో వాడు చిన్నపిల్లలకు లెక్కలు చెప్పి నాలుగు డబ్బులు దాచుకుంటుండేవాడు. ఒక పొద్దున స్కూలు గదికి వచ్చాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. టీచరమ్మ బెంచీ మీద తన వంతు కోసం కూర్చుని ఉంది. మా ఆయన కారు తాళాలు తీసుకోవడానికి అప్పుడే లోపలికి వచ్చారు. వీడు జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, నన్ను కూడా చేర్చుకుంటారా?" అన్నాడు. పెదవుల మీద నవ్వు ఉంది.

"ఏంట్రా ఇది?"

"ఫీజు నాన్నా. అందరిలాగే నేనూ కట్టి నేర్చుకుంటా. అమ్మా, రసీదు రాయి."

నేను పెన్ను మూత తీశాను కూడా. నాకు ఆ ఆట నచ్చింది. ఒక్క గంట, రోజుకు ఒక్క గంట, ఈయన కొడుకు కాకుండా ఎవరో ఒకడిలా ఆ సీట్లో కూర్చోవాలని వాడు అడుగుతున్నాడు. బయటివాళ్ళకి ఇచ్చే మంచి మాటల్లో తనకూ కొంచెం వాటా పెట్టమంటున్నాడు. ఇంతకంటే మర్యాదగా ఏ పిల్లాడు అడుగుతాడు?

మా ఆయన మొహం ఎర్రబడింది. "కన్నతండ్రికి ఫీజు కడతావా? నేను నీకు కూలివాణ్ణా? పదిమందిలో నా పరువు తియ్యడానికి వచ్చావా?" అంటూ కవరు తీసి విసిరేశారు. అది గోడకు తగిలి బెంచీ కిందికి పోయింది. పదిమంది ఎక్కడున్నారు, పాపం, ఉన్నది ఒక్క టీచరమ్మ. ఆవిడ తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంది.

పెద్దాడు బెంచీ కిందికి వంగి కవరు తీసుకున్నాడు. దుమ్ము దులిపి జేబులో పెట్టుకున్నాడు. "సారీ ఆంటీ, మీకు ఆలస్యమైంది," అని టీచరమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

"పిల్లాడు మనసు పడి వస్తే ఏం మాటలండీ అవి?" అన్నాను.

"నువ్వు వాణ్ణి వెనకేసుకురాకు. సాయంత్రం కారెక్కనీ, చెప్తా."

సాయంత్రం వాడు కారెక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. పరీక్షలన్నాడు, తలనొప్పన్నాడు. ఈయన ఆఖరి క్లాసు అయ్యాక కూడా చాలాసేపు కారులోనే కూర్చుని, ఇంటి గుమ్మం వైపు చూసి చూసి, తాళం వేసి వచ్చేవారు. "రమ్మని ఒక్కసారి మీరే పిలవచ్చుగా," అంటే, "వాడికే లేనిది నాకెందుకు?" అనేవారు. ఆ మాట అనేటప్పుడు కూడా చూపు గుమ్మం వైపే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు ఒక ఫోను వచ్చింది. అవతలి వీధిలో ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. అది నడిపే కుర్రాడు ఒకప్పుడు మా ఆయన దగ్గరే నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. "వదినగారూ, శుభవార్త! మీ పెద్దాడు మొదటిసారికే పాసైపోయాడు. మా మాస్టారి కొడుక్కి నేర్పే భాగ్యం నాకు దక్కింది. ఒక్కసారి మాస్టారికి ఇవ్వండి," అన్నాడు. పాపం, మాకు తెలిసే పంపించామనుకున్నాడు.

ఫోను ఈయనకు ఇచ్చాను. ఈయన చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఆహా... సంతోషం... సంతోషం బాబూ," అన్నారు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళి, పొద్దున్నే కడిగిన కారుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను ఆయన్ని. అంత చిన్నబోయిన మొహం ఎప్పుడూ చూడలేదు. తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేకపోయాను.

లైసెన్సు పోస్టులో వచ్చిన రోజు రాత్రి పెద్దాడు దాన్ని తెచ్చి వాళ్ళ నాన్న కంచం పక్కన పెట్టాడు. నేనూ, ఆఖరికి రేడియో కూడా, ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాం. ఈయన దాన్ని తీసుకుని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఫొటో సరిగ్గా రాలేదు," అన్నారు.

"ఊఁ," అన్నాడు వాడు. లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

చలికాలం మొదట్లో మా అమ్మ జారిపడి ఆస్పత్రిలో చేరింది. వాళ్ళుండేది పక్క ఊరు. స్కూలు కారు మరమ్మతులో ఉంటే మా తమ్ముడు తన కారు పంపించాడు. అందరం బయల్దేరాం. ఈయన అలవాటుగా ముందు పక్క సీటు తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టారు.

పెద్దాడు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. వాళ్ళ నాన్న వైపు చూడకుండా, కోపం ఇసుమంతైనా లేకుండా అన్నాడు, "నాన్నా, నువ్వు వెనక కూర్చుంటావా? ఏమనుకోకు. నువ్వు పక్కనుంటే నాకు చేతులు వణుకుతాయి."

ఈయన లోపల పెట్టిన కాలు బయటికి తీసుకున్నారు. "సరేలే. వెనకైతే కాళ్ళు చాపుకోవచ్చు," అన్నారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ చిన్న కారులో వెనక కాళ్ళు చాపుకునే చోటెక్కడుంది? మోకాళ్ళు ముందు సీటుకి ఆనించుకుని ముడుచుకుని కూర్చున్నారు. రేడియో ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు.

ఊరు దాటాం. పెద్దాడు ఎంత నెమ్మదిగా, ఎంత పొందికగా నడిపాడో చెప్పలేను. వాడు మలుపు తిరిగినప్పుడల్లా ఈయన కుడికాలు కింద పరిచిన పట్టా మీద నొక్కుకుంటోంది. ఆయనకు తెలుస్తోందో లేదో. అక్కడ బ్రేకు లేదుగా.

ఒకచోట సందులోంచి బంతి వచ్చింది, దాని వెనక ఒక పిల్ల. నేను కెవ్వుమన్నాను. ఈయన కాలు టపీమని పట్టాను తన్నింది. అప్పటికే కారు ఆగి ఉంది. ఒక్క కుదుపు లేదు. ఆ పిల్ల బంతి తీసుకుని పారిపోయింది. వెనక లారీవాడు హారన్ మోత మోగిస్తుంటే పెద్దాడు గేరు వేస్తూ తనలో తను అనుకున్నాడు, "తొందరేం లేదు. రోడ్డు ఎక్కడికీ పారిపోదు."

మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. రేడియో వెనక్కి తిరిగి, "నాన్నా, నాకు పద్దెనిమిది రాగానే అన్నయ్యే నేర్పిస్తానన్నాడు! నీకు శ్రమ లేదు!" అన్నాడు. వాడి మొహంలో కల్మషం లేదు. నిజంగానే శ్రమ తప్పించాననుకున్నాడు వెధవ.

"మంచిది. వాడి దగ్గరే నేర్చుకో," అన్నారు ఈయన.

కాసేపటికి నాకు మాత్రమే వినపడేలా, "ఎంత బాగా ఆపాడో చూశావా? నేనైతే కుదుపు వచ్చేది," అన్నారు.

"నాకెందుకు చెప్తారు? వాడికి చెప్పండి."

"నడిపేవాణ్ణి కదిలించకూడదు. దిగాక చెప్తా."

ఆస్పత్రి వచ్చింది. పెద్దాడు కారుని రెండు బళ్ళ మధ్య ఒక్క విడతలో పెట్టేశాడు. అందరం దిగాం. ఈయన వాడి దగ్గరికి వెళ్ళారు. నేను చిన్నాణ్ణి జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. చెప్పండి, చెప్పండి అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. పెద్దాడు తాళాలు చేతిలో పట్టుకుని, వాళ్ళ నాన్న మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. వాడికీ తెలుసు ఏదో వస్తోందని. చిన్నప్పుడు స్టీరింగు పట్టుకుని వెనక్కి తిరిగి చూసే చూపు, అచ్చం అదే.

ఈయన గొంతు సవరించుకున్నారు. వంగి ముందు చక్రం వైపు చూశారు.

"టైర్లో గాలి తగ్గినట్టుంది. చూసుకో," అన్నారు.

"సరే నాన్నా," అన్నాడు వాడు.

తండ్రీ కొడుకులు మెట్లెక్కుతుంటే నేను వెనక ఉండిపోయాను. కాలితో ఆ టైరుని నొక్కి చూశాను. రాయిలా ఉంది.