ఇంటి నంబరు

మత్తు అలవాటు ఎంతమందికి ఉందో తేల్చే సర్వే కోసం ముకర్రం కరీంనగర్‌లో రెండు వందల ఇళ్లు తిరిగాడు. అందరిదీ ఒకటే మాట: "మా ఇంట్ల గసొంటోళ్లు లేరు." గంజాయి కంపు గుమ్మం దాకా కొడుతున్న ఇంట్లోనూ అదే మాట. విని విని అతనికి రోత పుట్టింది.

బస్టాండు గోడవారన పడుకున్న ఒకాయన మాత్రం దాచలేదు. "రాసుకో సారూ, నేను రోజూ తాగుత."

ఇంటి నంబరు కొట్టనిదే సెల్లులో ఫారం ముందుకు కదల్లేదు. ముకర్రం ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "ఇల్లు లేనోడు లెక్కల రాడు, ఇడిసిపెట్టు" అన్నాడాయన.

ఒళ్లు మండి ముకర్రం తన ఇంటి నంబరే కొట్టాడు. ఆ ఇంటి ఫారం ఇదివరకే నిండిందని సెల్లు చూపించింది. గంజాయి తాగే తమ్ముణ్ని పక్కనే పెట్టుకుని, మొదటిరోజు "ఎవరూ లేరు" అని నింపింది తనే.