అందరూ బాగానే ఉన్నారండి

ముందే చెబుతున్నాను, ఇందులో మొదటి అబద్ధం ఆడింది నేనే. అంతా డాక్టరు మీదికి నెట్టేసి చేతులు దులుపుకునే రకాన్ని కాదు.

నా పేరు వెంకటేశ్వరమ్మ. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే పద్దెనిమిది మంది ఆడకూలీలకు మేస్త్రిని. పని చూసేది నేను, షావుకారుతో మాట్లాడేది నేను. ఎవరేం అడిగినా మావాళ్ళు నా మొహం చూస్తారు, నేను జవాబు చెబుతాను. ఏళ్ళ తరబడి అదే పద్ధతి.

మిర్చి దుమ్ముకి తుమ్ములు, ముక్కు కారడం, ఒళ్ళంతా దద్దుర్లు మావాళ్ళకి మామూలే. 2003 ఎండాకాలంలో శరత్‌చంద్ర అనే కుర్ర డాక్టరు యార్డుకి వచ్చాడు. ఎలర్జీకి కొత్త మాత్ర, ఇంకా బజారులోకి రాలేదు, ఆరు వారాలు వాడి చూస్తాం, ఏ ఇబ్బంది వచ్చినా చెప్పాలి అన్నాడు. నాకు ఆ బాధ లేదు గనక నేను చేరలేదు. మిగతా అందరూ వేలిముద్రలు వేశారు. ఉన్నమాట చెప్పాలి, మాత్ర బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరిగేసరికి షెడ్డులో తుమ్ము వినపడలేదు.

ప్రతి శుక్రవారం కాగితాల కట్టతో వచ్చి ఒక్కొక్కరినీ విడిగా అడగాలట. మొదటి శుక్రవారమే పని ఆగిపోతోందని నేను అడ్డం వెళ్ళి, "అందరూ బాగానే ఉన్నారండి, రాసుకోండి" అన్నాను. అతనికీ పని తేలికైంది. అప్పటినుంచి నన్నొక్కదాన్నే అడిగి పద్దెనిమిది కాగితాలూ నింపుకుపోయేవాడు.

జాన్‌బీ రెండో వారంలోనే నాతో చెప్పింది, గుండె దడదడలాడుతోందని, లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని. మాత్ర మానేస్తే మళ్ళీ తుమ్ముతూ కూర్చుంటావు, నోరు మూసుకుని పని చూసుకో అన్నాను. నా నోరు పడిపోను, అంత మాట అన్నాను.

నాలుగో వారం మంగళవారం పొద్దున, బుట్ట ఎత్తుకుని లేచిన జాన్‌బీ లేచినట్టే విరుచుకు పడిపోయింది. కాటా అంచు తగిలి తల పగిలింది. తొమ్మిది కుట్లు పడ్డాయి.

శుక్రవారం డాక్టరు వచ్చి అంతా విని ఏదో రాశాడు. నాకు చదువు రాదు. ఆ కాగితం లాక్కుని పక్క కొట్టు గుమస్తాతో చదివిస్తే, ఎండదెబ్బ అని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పొద్దున ఏడింటికి, రేకుల షెడ్డు కింద, ఏం ఎండండీ డాక్టరుగారూ?" అన్నాను.

అతను గొంతు తగ్గించి నచ్చజెప్పబోయాడు. సోమవారం నుంచి ఇదే మాత్ర పిడుగురాళ్ల సున్నపు బట్టీల వాళ్ళకి మొదలుపెడుతున్నారట, ఇప్పుడు గొడవ చేస్తే అదంతా ఆగిపోతుందట. ఆగిపోతుందని నన్ను భయపెడుతున్నాడు! మా చెల్లెలి మొగుడు ఆదెయ్య ఆ బట్టీల్లోనే పనిచేస్తాడు. బట్టీ నోటి దగ్గర నిలబడి రాయి, బొగ్గు లోపలికి గుమ్మరించడం వాళ్ళ పని. కింద నిప్పు. జాన్‌బీ నేల మీద పడింది గనక కుట్లతో బతికి బయటపడింది. అక్కడ కళ్ళు తిరిగితే కుట్లు వెయ్యడానికి మనిషి మిగలడు.

ఆ కాగితాలు సరిచూడడానికి మర్నాడు శనివారం హైదరాబాదు నుంచి, మాత్రల కంపెనీ తరఫున ఒక మేడం డాక్టరు పనిచేసే ఆసుపత్రికి వస్తుందని అక్కడి కాంపౌండరు చెప్పాడు. పని మాన్పించి అందరినీ ఆటోలెక్కించాను. తలకి కట్టుతో జాన్‌బీ కూడా వచ్చింది. ఒక్కరే లోపలికి వెళ్ళాలని అటెండరు అడ్డుపడ్డాడు. మాత్రలు అందరికీ ఇచ్చారుగా, అందరం వెళతాం అని తోసుకుపోయాం.

మేడం కాగితాలు తిరగేసి, ఇన్ని వారాల్లో ఆ ఎండదెబ్బ తప్ప ఎవరికీ ఏ ఇబ్బందీ లేదనే ఉందే అంది. ఆ మాట నాదని, వాళ్ళని ఎవరూ అడగలేదని, ఇప్పుడైనా అడగమని చెప్పాను. ఆవిడ అడిగింది. పద్దెనిమిది మందీ అలవాటుకొద్దీ నా మొహం చూశారు. నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"నా మొహం చూడకండే. నేను ఇక్కడ లేననుకుని చెప్పండి," అన్నాను.

ముందు జాన్‌బీ మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఏడుగురికి గుండెదడ ఉంది. ఒకామె ఇంట్లో రెండుసార్లు పడిపోయిందట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మేడం అడిగింది.

"చెప్పామండి. మా అక్కకి చెప్పాం," అంది జాన్‌బీ.

డాక్టరుకి సందు దొరికింది. దాచింది ఈవిడే మేడం, ఇదంతా రాస్తే ఈవిడ పేరూ రాయాలి, పోలీసుల దాకా పోతుంది అన్నాడు. మేడం చేతిలో కలం ఆగింది. నేను ఇటు తిరిగాను.

"రాయండమ్మా. వెంకటేశ్వరమ్మ, మిర్చి యార్డు. చెప్పినదాన్ని నోరు మూసుకోమంది నేనే, అదీ రాయండి. అడక్కుండా నింపుకుపోయిన ఈయన పేరు పక్కనే రాయండి. పోలీసులొస్తే నేనెక్కడికీ పోను. ముందు పిడుగురాళ్లకి ఫోన్ చెయ్యండి. చేసేదాకా ఇక్కణ్ణించి కదలను."

జాన్‌బీ తలకట్టు సర్దుకుని నేల మీద చతికిలబడింది. ఆమె పక్కన మిగతావాళ్ళూ కూర్చున్నారు. కూర్చోమని నేను చెప్పలేదు.

మేడం ఒకసారి మావైపు, ఒకసారి డాక్టరువైపు చూసి ఫోను అందుకుంది. సోమవారం ఎవరికీ మాత్రలు ఇవ్వద్దని మెల్లగా చెప్పింది. ఇంకోసారి చెప్పండమ్మా, మా అందరికీ వినపడేలా అన్నాను. గట్టిగా చెప్పింది.