వెనక సీటులో కూర్చుని ఎంచిన కారు

గంగాధరకు ఏది కావాలో, ఏది నచ్చిందో అడిగినవాళ్ళు కువైట్‌లో అంతవరకూ ఎవరూ లేరు. మిష్రిఫ్‌లో పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో డ్రైవరు. ఏ తాళం చేతికిస్తే ఆ కారు నడిపాడు, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాడు. అందుకే తొంభయ్యో సంవత్సరం జులైలో, వేసవికి కుటుంబమంతా కైరోకు బయలుదేరే ముందురోజు, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్ పిలిచి చెప్పిన మాట అతనికి వెంటనే తలకెక్కలేదు.

"ఇంటికి రోజూ తిరగడానికి ఒక కారు కావాలి. పెద్దది వద్దు. అమ్మను ఆసుపత్రికి, పిల్లల్ని బడికి. రోడ్డు మీద ఆగిపోకూడదు, కూర్చున్నవాళ్ళకు నడుము నొప్పి పుట్టకూడదు. పాతదైనా పరవాలేదు. నువ్వే చూసి తీసుకో."

"ఏది తీసుకోమంటారు బాబా?"

"నడిపేది నువ్వు. నన్నడుగుతావేం? కాగితాల సంగతి మా తమ్ముడు చూస్తాడు. సెప్టెంబరులో మేము వచ్చేసరికి గుమ్మంలో ఉండాలి."

వాళ్ళు వెళ్ళిపోయారు. గంగాధర ఆ రోజు నుంచి కార్లు చూడడం మొదలుపెట్టాడు. పాత కార్ల బజారులో ఎండ నెత్తిన పడుతుంటే వరసవరసా తిరిగేవాడు. అమ్మేవాళ్ళు ముందుగా రంగు చూపిస్తారు, రేడియో చూపిస్తారు. అతను మాట్లాడకుండా బానెట్ ఎత్తి ఇంజనుకు అరచెయ్యి ఆనించేవాడు. చురుక్కుమంటే తాను రాకముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను అందుకోదేమోనని అలాంటి కారు వదిలేసేవాడు. డిక్కీలో పరిచిన చాప ఎత్తి అంచుల్లో వేరే రంగు ఉందేమో, గుద్దుకున్న బండేమో చూసేవాడు. నూనె మసి అంటుతుందేమోనని పొగగొట్టం దగ్గర తెల్ల రుమాలు పట్టేవాడు. ఒక కారు అన్నిటా బాగుందిగానీ కూర్చుంటే బావిలోకి దిగినట్టుంది. ఇంటి పెద్దామెకు మోకాళ్ళు వంగవు. ఆమె అందులోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

తొమ్మిదో రోజున తెల్ల క్రెసిడా కనిపించింది. మూడేళ్ళ కారు. తలుపు వేస్తే బరువుగా, మెత్తగా పడింది. గంగాధర దాన్ని మిట్టమధ్యాహ్నం ఏసీ వేసి నడిపాడు. సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబెట్టాడు. ఇంజను వేడి చూపించే ముల్లు కదలలేదు. అప్పుడు దిగి, అమ్మే పఠాన్‌ను నడపమని తాళం అతనికిచ్చి, తాను వెనక సీటులో కూర్చున్నాడు.

"నువ్వు డ్రైవర్‌వి, వెనక నీకేం పని?" అని పఠాన్ హిందీలో అడిగాడు.

"వెనక కూర్చునేవాళ్ళ కోసమే గదా కొనేది," అన్నాడు గంగాధర.

నిజానికి ఇన్నేళ్ళలో అతను కారులో వెనక కూర్చోవడం అదే మొదటిసారి. ముందు సీటు కిందికి పాదాలు చాచుకోవచ్చు. చల్లగాలి మొహానికి కాకుండా గుండెలకు తగులుతోంది. స్పీడ్ బ్రేకరు మీద కారు ఒకసారి లేచి కుదురుకుంది, రెండోసారి ఊగలేదు. కళ్ళు మూసుకుని ఆ పెద్దామెలా కూర్చుని చూశాడు. ఇదే, అనుకున్నాడు.

జులై ఇరవై ఆరున కారు ఇంటికొచ్చింది. తుడిచి గుమ్మంలో నిలబెట్టాడు. చూడడానికి ఎవరూ లేరు. శుక్రవారం ఫర్వానియాలో కడప వాళ్ళ గదికి వెళ్ళి చెప్పబోతే అన్వర్ బాషా అన్నం కలుపుకుంటూ, "కొనేది వాళ్ళు, కుచ్చునేది వాళ్ళు. నీకెందుకన్నా ఇంత ఇది?" అన్నాడు. గంగాధర తన పళ్ళెం ముందుకు లాక్కున్నాడు. భార్య వెంకటేశ్వరి బతికి ఉంటే ఉత్తరంలో రాసి ఉండేవాడు. ఆమె పోయి మూడేళ్ళయింది. పోయిన సంగతి కూడా పదిరోజుల తర్వాత ఉత్తరంలోనే తెలిసింది. పిల్లలు లేరు. సెప్టెంబరులో అబూ నాసర్ వచ్చాక ఏమేం చెప్పాలో అరబ్బీలో మాటలు కూర్చుకుంటూ అతను ఆ వారం గడిపాడు.

ఆగస్టు రెండో తేదీ తెల్లవారుజామున ఆకాశం ఉరిమినట్టయింది. వానలు లేని నెల. బయటికొచ్చి చూస్తే ఎదురింటివాళ్ళు పిల్లల్ని దుప్పట్లతో సహా జీపులో వేసుకుంటున్నారు. "ఇరాక్ వాళ్ళు వచ్చేశారు," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారు. సాయంత్రానికి వీధిలో దీపాలు వెలిగిన ఇళ్ళు మూడు. కైరోకు ఫోను కలవలేదు. అబూ నాసర్ తమ్ముడి ఇంటికి చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తినవాళ్ళు లేరు.

సైనికులు ఇళ్ళల్లో దూరి కార్లు పట్టుకుపోతున్నారని నాలుగోనాడు తెలిసింది. ఇంట్లో మూడు కార్లున్నాయి. పెద్ద అమెరికా కారు, జీపు, ఈ తెల్లది. గంగాధర తెల్లదాని బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, లోపల తిరిగే చిన్న రోటరు ముక్క తీసి బియ్యం డబ్బాలో పెట్టాడు. మిగతా రెండింటినీ ముట్టుకోలేదు. మూడూ చెడిపోయాయంటే ఎవరూ నమ్మరు.

మర్నాడే నలుగురు వచ్చారు. జీపు తీసుకున్నారు, అమెరికా కారు తీసుకున్నారు. వాళ్ళ నాయకుడు తెల్ల కారు దగ్గర ఆగాడు.

"ఇది?"

"ఖర్బాన్," అన్నాడు గంగాధర. చెడిపోయిందని.

నాయకుడు తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది గానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. గంగాధర నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నాయకుడు విసుగ్గా దిగి తలుపు వేసేసి, "నువ్వు ఇంకా ఇక్కడెందుకున్నావు?" అని అడిగాడు.

"ఇల్లు చూసుకోవాలి."

"ఎవరి ఇల్లు?"

వాళ్ళు కుళాయి దగ్గర నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

తర్వాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. పొద్దున లేవగానే ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అన్నం వండుకునేవాడు. పద్నాలుగు గదుల ఇంట్లో అతను వంటిల్లూ, తన గదీ తప్ప మరెక్కడా దీపం వేయలేదు. మధ్యాహ్నం కారు వెనక సీటులో కూర్చునేవాడు. ఎందుకు కూర్చుంటున్నాడో అతనికీ తెలియదు. ఇంటికంటే అక్కడ గోడలు దగ్గరగా ఉండేవి. పదకొండు రోజులు అతను ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు. పన్నెండో రోజున ఒక పిల్లి వంటింట్లో దూరితే "పో, పోయే దొంగముండా" అని కసురుకున్నాడు. గోడ అవతలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఏవండీ, మీరు తెలుగోరాండీ?"

ఆమె పేరు దీనమ్మ. నర్సాపురం వైపు ఊరు. వెనక వీధి ఇంట్లో వంటపని. ఆ ఇంటివాళ్ళు సౌదీకి వెళ్ళిపోతూ, "రెండు రోజుల్లో వస్తాం" అని చెప్పి, ఆమెనూ, పిల్లల్ని పెంచిన ఆయా బిస్మిల్లా బీనీ వదిలేశారు. బిస్మిల్లా బీది రాయచోటి. అరవై దాటాయి. ఆ సాయంత్రం గంగాధర బియ్యం, పప్పు పట్టుకుని వెళ్తే ఆమె గుమ్మంలో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉంది.

"యాడ నాయనా మీది?" అని అడిగింది. రాయచోటి దగ్గరి ఊరు పేరు చెప్పగానే చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"జోర్డాను దాకా ఎల్లగలిగితే అక్కణ్ణించి మన విమానాలు ఎక్కించుకుంటున్నాయంటండి," అంది దీనమ్మ. "అబ్బాసియాలోంచి బస్సులెళ్తన్నాయంట గానీ, ఈవిడ బస్సెక్కలేదు. మీ దగ్గర తెల్ల కారుందిగా."

"కారు నాది కాదమ్మా. రేపు వాళ్ళొచ్చి యాడుందని అడిగితే ఏం జెప్పేది?"

"మేం మాత్రం ఎవరోళ్ళమండి? మమ్మల్ని కూడా వదిలేసే ఎల్లిపోయేరు."

గంగాధర ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు ఆలోచించాడు. ఇంటినీ కారునూ చూసుకోమని తనతో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అది తన పని. కారు తీసుకుపోతే ఆ సైనికుడికీ తనకూ తేడా ఏమిటో తేల్చుకోలేకపోయాడు. మూడోనాడు దీనమ్మ పక్కింట్లోనే సైనికులు మకాం పెట్టారు. బిస్మిల్లా బీ షుగరు మాత్రలు అయిపోయాయి. ఆ రోజు ఇంకేమీ ఆలోచించలేదు. ఏమేం పోయాయో, ఏ తేదీన పోయాయో, తెల్ల కారులో ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోతున్నాడో ఒక కాగితం మీద రాసి ఫోను కింద పెట్టాడు. అరబ్బీ మాట్లాడడమే తప్ప రాయడం రాదు. తెలుగులో రాశాడు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడు అతనొక్కడే.

తెల్లవారగానే బయలుదేరారు. రోటరు పెట్టి తాళం తిప్పితే ఇంజను మొదటిసారికే అందుకుంది. బిస్మిల్లా బీ సీటు అంచున కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి తెచ్చుకుని, ఎవరి సాయమూ లేకుండా సర్దుకుంది. దీనమ్మ నీళ్ళ డబ్బాలు కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంది. సైనికుల చౌకీల్లో ఆపిన ప్రతిచోటా గంగాధర కువైట్లో ఉండడానికిచ్చిన ఇఖామా కార్డు చూపించాడు, పాస్‌పోర్టులు కఫీళ్ళ దగ్గరున్నాయని చెప్పాడు, వెనక ఉన్న ముసలామెను చూపించాడు. వదిలేశారు. సరిహద్దు దాటి బస్రా దారి పట్టాక వెనక నుంచి బిస్మిల్లా బీ అంది:

"మంచం మీద ఉన్నట్టుంది నాయనా. ఎవురు కొనిరి దీన్ని?"

"నేనే బీబమ్మా. నేనే సూసి తెచ్చినా."

ఆ తర్వాత గంగాధర ఆగలేకపోయాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూసిన సంగతి, బావిలాంటి సీట్ల కారు, సిగ్నల్ దగ్గర మధ్యాహ్నపు ఎండలో ముల్లు కదలకపోవడం, పఠాన్ నడుపుతుంటే తాను వెనక కూర్చోవడం, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయాడు. ఇన్ని మాటలు అతను ఒక్కసారి మాట్లాడి ఏళ్ళయింది. చెప్పడం అయ్యాక అద్దంలో చూశాడు. బిస్మిల్లా బీ నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. దీనమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. గంగాధర రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు.

రెండు రోజుల ప్రయాణం. బాగ్దాదు దాటాక ఎడారి. ఇటూ అటూ ఆగిపోయిన కార్లు, మూతలు ఎత్తి, ఆవిర్లు కక్కుతూ. తెల్ల కారు ఎక్కడా ఆగలేదు. రాత్రి పెట్రోలు బంకు వెనక ఆపి, ఆడవాళ్ళిద్దరినీ లోపల పడుకోబెట్టి అతను బయట దుప్పటి పరుచుకున్నాడు. జోర్డాను సరిహద్దు చేరేసరికి అక్కడ జనం మైలు పొడుగునా ఉన్నారు. కారు కాగితాలు చూసిన అధికారి తల అడ్డంగా ఊపాడు. యజమాని లేకుండా కారు రాకూడదు. మనుషులు రావచ్చు. దారి పక్కన ఇసుకలో అప్పటికే వందల కార్లున్నాయి.

శిబిరానికి లారీ వచ్చింది. దీనమ్మ ముందుగా బిస్మిల్లా బీని ఎక్కించి, "మీరూ రండి అన్నయ్యా," అంది.

"మీరు పోతావుండండి. కారు సరిగ్గా పెట్టి వస్తా."

లారీ వెళ్ళింది. గంగాధర కారును గాలికి ఎదురు కాకుండా తిప్పి నిలిపాడు. అద్దాలు ఎత్తాడు. గుడ్డ నీళ్ళలో తడపడానికి మనసొప్పలేదు, ఉన్న నీళ్ళు తాగడానికే. పొడిగుడ్డతోనే అద్దం మీది ఇసుక తుడిచాడు. తాళం దానికే వదిలేశాడు. దారి తప్పినవాడెవడైనా నడుపుకుంటే నడుపుకోనీ. పొద్దు వాలేదాకా దాని నీడలో కూర్చుని, లేచి లారీల వైపు నడిచాడు.

శిబిరంలో దీనమ్మకు వాళ్ళ చర్చివాళ్ళు కలిశారు. బిస్మిల్లా బీని వాళ్ళే చూసుకున్నారు. ఎనిమిది రోజులకు ముగ్గురికీ వేర్వేరు విమానాల్లో చోటు దొరికింది. బొంబాయిలో ఎవరి వాళ్ళు వాళ్ళ పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. గంగాధర పేరు ఏ అట్ట మీదా లేదు. రైలెక్కి కడపకు వచ్చేశాడు.

మరుసటి ఏడు జులైలో అబూ నాసర్ వీసా పంపించాడు. గంగాధర వెళ్ళాడు. నూనె బావులింకా కాలుతున్నాయి. పగలే దీపాలు పెట్టుకుని బండ్లు నడుస్తున్నాయి. ఇంట్లో సగం సామాను లేదు. పెద్దామె కైరోలో కూతురి దగ్గరే ఉండిపోయింది. గుమ్మంలో కొత్త జీపు ఉంది. అబూ నాసర్ అతన్ని కావలించుకుని, బతికొచ్చావు, అదే చాలన్నాడు. కారు మాట ఎత్తలేదు. గంగాధర ఎత్తబోతే, "అది పోతే పోయింది, ఖలాస్," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే పిలిచాడు. బల్ల మీద నష్టపరిహారం కాగితాలున్నాయి. పోయిన ప్రతి వస్తువూ రాయాలి.

"ఆ కారు నేను చూడనే లేదు. ఏ కారు అది?"

గంగాధర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏడాది కిందట కూర్చుకున్న అరబ్బీ మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "మంచి కారు బాబా. వెనక కూర్చుంటే కాళ్ళు చాపుకోవచ్చు. మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళు కూడా ఎవరూ పట్టుకోకుండా ఎక్కొచ్చు. ఎడారిలో రెండు రోజులు..."

అబూ నాసర్ కలం ఎత్తి పట్టుకుని ఓపికగా విన్నాడు. తర్వాత, "రంగేమిటి?" అని అడిగాడు.

"తెలుపు."

"ఏ సంవత్సరంది?"

"ఎనభై ఏడు."

ఆయన రాసుకుని తర్వాతి కాగితం తీశాడు. అందులో సోఫాలు, తివాచీలు ఉన్నాయి. గంగాధర ఇంకొంచెంసేపు నిలబడి, ఆయన తలెత్తకపోవడంతో బయటికి వచ్చాడు. జీపు మీద పొద్దుటి నుంచి పడిన మసి నల్లగా పేరుకుంది. నీళ్ళ గొట్టం విప్పి కడగడం మొదలుపెట్టాడు.