కాలని లారీ

పోనీ, రింగులన్నా ఉంచవలసింది. కాఫీ పాత్రలు పోతే పోనీ. బొంబాయి కంపెనీవాళ్లే వాటిని చేయడం మానేశారు, ఎవరేం చేస్తారు? కానీ రింగులంటే గుప్పెడు రబ్బరు. ఒక డబ్బాలో పడి ఉండేవి. వాటికి అన్నం పెట్టాలా, బట్ట కట్టాలా? సుమిత్ర ఖాళీ అయిన అరను చూస్తూ అదే మాటను మనసులో తిప్పి తిప్పి నములుతోంది.

ఆమె చుట్టాల పెళ్లికి పోయి వచ్చేలోపు భర్త శ్యాంసుందర్ రావు కాఫీ పాత్రల విడి సామానంతా, పిడులు, జల్లెడలు, రింగులతో సహా, గోనెసంచుల్లో కట్టి సిరిసిల్ల పాత సామాన్ల వ్యాపారికి తూకానికి ఇచ్చేశాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. గంభీరావుపేట విడిచి జగిత్యాలలో ఈ కొట్టు పెట్టిన మూడేళ్లలో ఆమె తనంతట తాను ఎంచి తెప్పించిన సరుకు అదొక్కటే. కింది గిన్నెలో నీళ్లు మరిగి, నడుమనున్న పొడిలోంచి ఎగదన్ని, పై గిన్నెలోకి చిక్కటి కాఫీ చేరుతుంది, నడుమ రబ్బరు రింగు బిగువుగా ఉంటేనే. చాయ తాగే ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి మీద పెట్టి మరీ చూపింది. "రింగు అరిగితే నా దగ్గరికి రాండ్రి, నేనున్నన్ని రోజులు దొరుకుతది" అని మాట ఇచ్చింది.

"దొరసానీ!"

బస్టాండు దగ్గర హోటల్ నడిపే చంద్రవ్వ మెట్లెక్కి వచ్చింది. ఆ మాట మీదే రెండు పాత్రలు కొన్న మనిషి.

"మీ బుడబుక్క గిన్నె అలిగింది దొరసానీ. పక్కలకెంచి బుస్సుమంటది, మీదికి సుక్క ఎక్కియ్యది. అచ్చం మా ఇంటాయన లెక్కనే తయారైంది."

బుడబుక్కలవాడి డమరుకంలా నడుము సన్నగా ఉంటుందని చంద్రవ్వ దానికి పెట్టుకున్న పేరది. సుమిత్ర నవ్వబోయింది.

"గా రబ్బరు రింగులు రెండియ్యుండ్రి, పోత. గిరాకి కూసున్నది."

సుమిత్ర నోరు తెరిచేలోపు గల్లాపెట్టె దగ్గరి నుంచి శ్యాంసుందర్ రావు అందుకున్నాడు. రోడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఏం జెప్పాలె చంద్రవ్వా. సామాను లారీల వస్తుండె. నడిమిట్ల అన్నలు ఆపి కాలవెట్టిండ్రు. పేరు తియ్యకు, మనకెందుకు. పాణాలతోని ఉన్నం, గదే పదివేలు."

"అయ్యో, గట్లనా దొరా! నేనైతే ఇనలే."

"ఎవలు చెప్తరు? చెప్పినోడు ఉంటడా?"

చంద్రవ్వ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, కొంగు బిగించి, మెట్లు దిగింది. తుపాకులు పట్టిన అన్నల పేరు చెప్పిన చోట ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

సుమిత్ర కూడా వేయలేదు, ఊరు విడిచిన ఆనాడు.

గంభీరావుపేటలో ఆ మధ్యాహ్నం ఆమె చింతపండు పిసుకుతోంది. ఆయన వచ్చి తలుపు వైపు చూశాడు. ఇదే గొంతు. "అన్నలు ఊరిడిసి పొమ్మని కబురువెట్టిండ్రు. మన సాయవ్వ కొడుకే చెప్పిపోయిండు. పేరు తియ్యకు, మనకెందుకు. పాణాలతోని ఉన్నం, గదే పదివేలు." మాటలు కూడా మార్చుకోలేదు ఈ మనిషి. ఏళ్ల తరబడి ఇంట్లో పనిచేసిన సాయవ్వ వాకిట్లో నిలబడి "ఎటు దొరసానీ?" అంటే, ఆమె కొడుకు మీది కోపంతో సుమిత్ర ముఖం తిప్పుకొని జీపెక్కింది.

అంతకు ముందే ఎవరో పొలంలో గొలుసు పట్టి కొలుస్తుంటే, "గట్టు పంచాయితీ" అన్నాడాయన. కొలిచినవాళ్లే తరువాత ఆ పొలం దున్నుకున్నారు. ప్రాణభయంతో దొరికినవాళ్లకు ఇచ్చేశాం కాబోలు అనుకుంది. గొలుసు ముందు, కబురు తరువాత. రెండింటినీ ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. కబురు రాకముందే భూమి బేరమైపోయిందన్నమాట.

భూమి ఆయనది, అమ్ముకుంటే అమ్ముకునేవాడు. తనను అడిగితే ఏడ్చేది, కొన్నాళ్లు మాట్లాడేది కాదు, చివరికి సరే అనేది. ఆ పాటి దానికి ఇంత భయమా పెట్టేది? కుక్క మొరిగితే లేచి గడియ తడుముకునేది. పక్కనే ఆయన గురక పెడుతుంటే, ఎంత గుండె నిబ్బరమో అని మురిసిపోయేది కూడా. ఆయనకేం, నిద్ర పట్టక?

"గట్లెందుకు చెప్పిండ్రు?" అంది మెల్లగా.

"తూకానికి అమ్ముకున్నమని చెప్పాల్నా మరి? ఇంటింటికి తిరిగి మాటిచ్చింది నువ్వు. నీ మాట పోవద్దనే చెప్పిన."

ఆయన ముఖంలో బెరుకన్నది లేదు. సాయవ్వ కొడుకు సంగతి అడుగుదామని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే దానికీ ఒక లారీ కాలుతుంది.

సుమిత్ర లేచింది. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి, బస్టాండు తోవ పట్టిన చంద్రవ్వను చేయి పట్టి ఆపింది.

"ఏ లారీ కాలలేదు చంద్రవ్వా," అంది, వెనక కొట్టులోకి వినబడేటట్టు. "రింగులు మేమే అమ్ముకున్నం."