రెండో కూత

మిల్లు గేటు దగ్గర అందరూ చూస్తుండగానే లెఫ్టినెంటు, ఫిట్టరు బాబాయిని చెంప మీద కొట్టాడు. ముసలాయన కళ్లజోడు ఎగిరి రోడ్డు మీద పడింది. ఆయన చేసిన నేరమల్లా గేటుకు కడుతున్న గుడ్డ మీది అక్షరాలు పైకి చదవడమే. 'సైన్యం తెచ్చిన విప్లవానికి ఏడాది' అని ఉంది దాని మీద.

"సైన్యం తెచ్చిందా? మరి మేమేం చేశాం బాబూ, గాడిదలు కాశామా?" అన్నాడు. ఆ మాటకే దెబ్బ.

షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అక్క ఒక్కతే ముందుకొచ్చి, వంగి, కళ్లజోడు తీసి తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

నూలు వడికే షెడ్డులో పనిచేసే ఆమెను చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. ఆ పిలుపు ఆమె తమ్ముడి నుంచి వచ్చింది. అతను బాయిలరులో బొగ్గు వేసేవాడు. ఇప్పుడు లేడు.

లెఫ్టినెంటు ఆమెను గుర్తుపట్టి గొంతు మార్చాడు. "రేపు సభలో మీరు వేదిక మీద కూర్చోవాలమ్మా. మీ తమ్ముడికి పతకం ఇస్తున్నారు. సైన్యం పక్కన నిలబడి ప్రాణమిచ్చాడు కదా."

"ఎవరు చంపారంటారు మరి?"

"శత్రువులు."

అక్క బాబాయి చెయ్యి పట్టుకుని నడిచింది.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో బల్లలన్నీ నిండిపోయాయి. మొదట లేచింది బాబాయి కొడుకు. చదువుకుంటున్నాడు గనుక వాణ్ని అందరూ 'కాలేజీ' అంటారు.

"విప్లవమూ లేదు, పాడూ లేదు. అది కుట్ర. పాత దొరని దించి, యూనిఫాం వేసుకున్న కొత్త దొర ఎక్కి కూర్చున్నాడు."

"నోర్ముయ్యరా! పాత దొరల పేపరూ అదే రాస్తోంది. కుట్రంట, మనం కూలికి కేకలేసినోళ్లమంట. నువ్వూ వాళ్ల పాటే అందుకున్నావా?" బాబాయి చెంప ఇంకా ఎర్రగానే ఉంది. "మిల్లులు ఆపిందెవరు? రైళ్లు ఆపిందెవరు? ప్రభుత్వ భవనం మెట్లెక్కి తలుపులు తోసిందెవరు? అప్పుడీ మిలిటరీ వాళ్లు బూట్లకు పాలిష్ చేసుకుంటున్నారు!"

"సరే నాన్నా, మీరే తోశారు. లోపలికీ వెళ్లారు. మరి బయటికెందుకొచ్చారు?"

ఓ మూల నుంచి ఎవరో అన్నారు: "కూత వేశారు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

నిజం అదే. నిరుడు సమ్మె మొదలైనప్పటి నుంచీ మూగబోయిన మిల్లు కూత, గెలిచిన మర్నాటి ఉదయం ఒక్కసారిగా ఊరంతా వినిపించింది. ముందురోజు సాయంత్రమే సైనికాధికారులు వచ్చి "మేమూ మీవాళ్లమే" అంటే జనం వాళ్లను భుజాలకెత్తుకున్నారు. పుట్టినప్పటి నుంచీ ఆ కూతకే లేచి, ఆ కూతకే తిని, ఆ కూతకే పడుకున్న మనుషులు. బుర్ర ఆలోచించేలోగా కాళ్లు కదిలాయి. గెలిచాం, ఇక పనిలోకి పోదాం అని కేరింతలు కొడుతూ పరుగెత్తారు. అక్క కూడా పరుగెత్తింది.

తమ్ముడు మాత్రం ప్రభుత్వ భవనం మెట్ల మీదే నిలబడిపోయాడు. "బాయిలరోళ్లమంతా ఇక్కడే ఉన్నాం కదక్కా. మరి నిప్పు ఎవరు రాజేశారు?"

"ఎవరో ఒకరు రాజేసుంటార్లే, పద."

"నువ్వెళ్లు. నేను కాసేపు ఉంటా."

అతనితో ఓ పిడికెడు మంది ఉన్నారు. షిఫ్టు దిగి ఆమె తిరిగి వచ్చేసరికి మెట్లు కడిగి ఉన్నాయి. తలుపుల దగ్గర తుపాకులున్నాయి.

అక్క బల్ల మీద చేతులాన్చి లేచింది. "మెట్లెక్కింది మనం. దాన్ని కుట్రంటే వాడు ఊరికే చచ్చినట్టు. కూత వేశాక మెట్లు తీసుకుంది వాళ్లు. దాన్ని విప్లవమంటే వాణ్ని నేనే మళ్లీ చంపినట్టు."

"మరి మనం చేసిందాన్ని ఏమంటావక్కా?" కాలేజీ గొంతులో ఈసారి వాదం లేదు.

"మధ్యలో వదిలేసొచ్చిన పని అంటాను. రేపు సభ కాగానే మళ్లీ కూత వేస్తారు. బాయిలరోళ్లు ఎక్కడ?"

వెనక బల్ల మీది నుంచి బొగ్గు ముఖాలు పైకి లేచాయి. "ఇక్కడే ఉన్నాం అక్కా."

మర్నాడు మిల్లు ఆవరణలో జనం కిక్కిరిసి నిలబడ్డారు. సైన్యాధ్యక్షుడు చాలాసేపు మాట్లాడాడు. పతకం అందించాడు. అక్క దాన్ని తీసుకుని, ఆయన లేచిన కుర్చీలోనే పెట్టి, మైకు ముందుకు వచ్చింది.

"మా తమ్ముణ్ని చంపింది శత్రువులు కాదు. వీళ్లే."

మైకు ఆగిపోయింది. సైన్యాధ్యక్షుడు చెయ్యి ఊపాడు. కూత మొదలైంది.

ఫిట్టరు బాబాయి కాలు దానంతటదే లేచింది. ఆయన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. పక్కవాడు కూర్చున్నాడు. ఆ పక్కవాళ్లు. చూస్తుండగానే ఆవరణంతా కూర్చుంది.

లెఫ్టినెంటు అక్క జబ్బ పట్టుకున్నాడు. "కూత వినపడట్లేదా?"

"వినపడింది. ఈసారి మీరెళ్లండి పనికి."

ముందు వరుసలో పుట్టిన నవ్వు గేటు దాకా పాకింది. ఆమెను ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. కూత ఆగలేదు, జనం లేవలేదు. అయితే బాయిలరులో బొగ్గు వేసే చేతులన్నీ ఆవరణలోనే ఉన్నాయి. కూత సన్నబడింది. బొంగురుపోయింది. ఆవిరి చాలక, రెండుసార్లు ఎగపోసి ఆగిపోయింది.

అప్పుడు లేచాడు ఫిట్టరు బాబాయి. కళ్లజోడు సర్దుకుని, "పదండి" అన్నాడు.

జనం కదిలారు. మిల్లులోకి కాదు, మెట్ల వైపు.