బావ నాడె

పంతొమ్మిది వందల అరవై నాలుగు, ఎండాకాలం. సిరిసిల్లలో నేతపని చేసే కైలాసానికి పొద్దున్నే ఒళ్లు కాలిపోతోంది. తల పగిలిపోతోందని మొత్తుకున్నా సేటు బుచ్చిరాములు వింటేనా! "నువ్వు పండుకుంటే సాంచా నీ బాపు నడుపుతడా?" అన్నాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. మధ్యాహ్నానికి కైలాసం దాని పక్కనే కూలిపోయాడు.

మొగుణ్ణి బండెక్కిస్తూనే సత్తమ్మ సేటు కాళ్లావేళ్లా పడింది. "నీ కాల్మొక్త సేటూ, సాంచా వేరేటోళ్లకియ్యకు. నా తమ్ముడు నడుపుతడు." నాలుగు మెతుకులు దొరికేది దానితోనే మరి. సేటు గొప్ప దయ చూపినట్టు తలూపాడు. తమ్ముడు అంబదాస్ అప్పటికప్పుడు ఉరికొచ్చి బావ వదిలిన సాంచా అందుకున్నాడు. వచ్చే నెలలో పెళ్లి పెట్టుకున్నవాడు!

కరీంనగర్ దవాఖానలో కైలాసం మెడ కొయ్యబారింది. ఒళ్లంతా ఊదారంగు మచ్చలు లేచాయి.

"మెదడు పొరకు పట్టిన జ్వరం. మామూలు రకమైతే ఈ బిళ్లలకు లొంగుతది. ఇది అరుదైన రకం" అన్నాడు డాక్టరు. "ఆయన నోరు పెట్టినవేవీ మీరు నోట్ల పెట్టుకోవద్దమ్మా."

మూడోనాడు కైలాసం పోయాడు. కాటి నుంచి రాగానే అంబదాస్‌ను సేటు పనికి పిలిపించుకున్నాడు. సత్తమ్మ ఏడుస్తూనే మొగుడి చెంబు పారేసింది, బీడీకట్ట పొయ్యిలో వేసింది. ఇంక ఫికర్ లేదనుకుంది, పిచ్చి తల్లి!

మర్నాడు తమ్ముడికి సద్ది పట్టుకుని షెడ్డుకు పోయింది. అంబదాస్ నాడెలో, అంటే మగ్గంలో అటూ ఇటూ దారం మోసే కర్ర దోనెలో, కొత్త దారపు కండె పెట్టి, నాడె కంతకు నోరానించి సుయ్‌మని దారం కొస బయటికి పీల్చాడు. నేసేవాళ్లంతా అలాగే పీలుస్తారు. కైలాసమూ పడిపోయే ముందు అలాగే పీల్చాడు.

"తమ్మీ, గది బావ నాడెనా?"

"అవునక్కా. ఆనాటి సంది గిదే." అంబదాస్ నుదురు పట్టుకున్నాడు. "పొద్దుగాల నుంచి తల నొస్తుంది. మెడ వంగుతలే."

సత్తమ్మ గొల్లుమంది. సేటు కాళ్లు పట్టుకుని మరీ తమ్ముణ్ణి ఇక్కడ నిలబెట్టింది తనే. నాడె గుంజుకుని నేలకేసి కొట్టింది. "దీనికి ఎవలు నోరు పెట్టద్దు సేటూ!"

"నోరు పెట్టక నూలెట్లొస్తదే?" బుచ్చిరాములు నాడె తీసి ధోవతికి తుడిచాడు. జ్వరంతో వణుకుతున్న అంబదాస్‌ను ఓసారి ఎగాదిగా చూశాడు.

"మీ ఇంట్ల ఇంక ఎవలన్న మిగిలిండ్రా, లేకుంటే వేరేటోన్ని పిలువాల్నా?"